నీలం పట్టా, వేపచెట్టు ఎదురుగా

2024 జూలైలో మా చిన్నికి ఎనిమిదేళ్ళు నిండాయి. సరిగ్గా అప్పుడే వాళ్ళ బళ్ళో ఉత్తరం రాయడం పాఠం చెప్పారు. ఇంకేముంది, పుట్టినరోజు పిలుపులు వాట్సాప్‌లో పంపితే కుదరదు, అందరికీ కార్డులు రాసి కవర్లలో పెట్టి పంచాల్సిందేనని పట్టు పట్టింది. రిటైరైన పోస్ట్‌మన్ ఒకడు ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉన్నాడు కాబట్టి కవర్ల మీద చిరునామాలు రాసే పని నాకు పడింది.

ఆరు కవర్లు చిటికెలో అయిపోయాయి. అన్నీ మా అపార్ట్‌మెంట్‌వే, ఫ్లాటు నెంబరు మార్చుకుంటూ పోతే చాలు. ఏడోది అనితకు అంది. (పిల్లలిద్దరి పేర్లూ మార్చి రాస్తున్నాను.)

"అనిత ఎవరే?"

"ఎదురుగా కడుతున్న బిల్డింగ్‌లో ఉంటుంది."

"కడుతున్న బిల్డింగ్‌లో ఎవరుంటారు?"

"ఉంటారు తాతా. రోజూ పాలకు అటు నుంచే వెళ్తావుగా, చూడలేదా?"

చూడలేదు. ఇటుకలు, ఇసుక, ఇనుప చువ్వలు చూశాను. వాటి మధ్య ఒక నీలం పట్టా కనిపించిందంటే సిమెంటు బస్తాల మీద కప్పారేమో అనుకున్నాను.

చిన్ని వెళ్ళి చిరునామా అడిగి వచ్చింది. "ఇంటి నెంబరు లేదట తాతా. గుర్తు చెప్పింది, రాసుకో. నీలం పట్టా, వేపచెట్టు ఎదురుగా." రాశాను. కింద నిజాంపేట, హైదరాబాద్, 500090 చేర్చాను. నౌకరీలో ఉండగా ఇలాంటి కవరు నా సంచిలో పడి ఉంటే, 'ఇన్‌సఫిషియెంట్ అడ్రస్' అని రాసి వెనక్కి పంపేవాణ్ణి.

నేను 34 ఏళ్ళు తపాలా శాఖలో చేశాను, అందులో ఎక్కువ భాగం కోస్గి, మద్దూరు వైపే. ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి మనుషుల్ని డ్యాముల మీదికి, కాలువల మీదికి తోలుకుపోయిన పాలమూరు జిల్లా మాది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మా వైపు నుంచి బొంబాయికి నేరుగా బస్సులు నడిచేవి. నా సంచిలో ఉత్తరాల కంటే మనియార్డర్లే బరువు. ఫారం అడుగున నాలుగు ముక్కలు రాసుకునే జాగా ఉండేది. 'కండ్లకు మందు ఏసుకో.' 'మేకను అమ్మకు, వస్తున్న.' అవి చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని, డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి. డబ్బు ముట్టినట్టు రసీదు పంపినవాళ్ళకు తిరిగి వెళ్ళాలి. వాళ్ళ చిరునామా 'కేరాఫ్ మేస్త్రి, బ్రిడ్జి పని, థానా' అని ఉండేది. ఆ రసీదులు కొన్ని తిరుగుటపాలో వచ్చేవి. వాటి మీద ఇంగ్లీషులో ఒక ముక్క ఉండేది: 'లెఫ్ట్ వితౌట్ ఇన్‌స్ట్రక్షన్స్'. ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పకుండా వెళ్ళిపోయారని అర్థం.

అన్నేళ్ళూ నేను మనియార్డరుకు ఒక కొసనే చూశాను. రెండో కొస ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. అది మా బాల్కనీ ఎదురుగానే ఉందని ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని చూపించాల్సి వచ్చింది.

చూపించింది కూడా నిజంగా చెయ్యి పట్టుకునే. సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకలే మూడు వైపులా గోడ, పైన రేకులు, రేకుల మీద పట్టా, పట్టా ఎగిరిపోకుండా నాలుగు రాళ్ళు. లోపల ఒక ట్రంకు పెట్టె, దాని మీద మడిచిన బొంతలు, గోడకు కురుమూర్తి స్వామి పటం. చువ్వ ముక్కను వంచి కొక్కెం చేసి సంచులు తగిలించారు. అనిత నడుం మీద రెండేళ్ళ తమ్ముడు. వాళ్ళ నాన్న సెంట్రింగ్ పని, అమ్మ ఉదయం సాయంత్రం పైపు పట్టుకుని గోడలకూ స్లాబుకూ నీళ్ళు కొట్టేది. రాత్రిళ్ళు ఇనుము పోకుండా కాపలా కూడా వాళ్ళదే. అద్దె లేకుండా ఉండనిచ్చేది అందుకే.

నేను కోస్గిలో చేశానని చెప్పగానే అనిత తల్లి కొంగు సర్దుకుని లేచి నిలబడింది. "మీరు పోస్టు సారా? మా అవ్వకు బొంబాయి పైసలు మీరే తెస్తుంటిరా?" ఆమెది మా లైను కాదు, పక్క ఊరు. కాదన్నా వినలేదు, టీ పెట్టింది.

పిల్లలిద్దరికీ స్నేహం కలిసింది ఇసుక కుప్ప దగ్గర. ఇసుక చిందరవందర చేస్తారని సూపర్‌వైజరు పిల్లల్ని తరిమేవాడు, అనితను మాత్రం ఏమీ అనేవాడు కాదు, ఆ ఇసుకకు కాపలా ఆమే కాబట్టి. అంటే ఆ రాజ్యంలో చిన్ని అతిథి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. పెద్దవాళ్ళం మేము ఈ స్నేహాన్ని తలకిందులుగా చూశాం, మా పిల్లే ఆ పిల్లకు ఏదో ఉపకారం చేస్తున్నట్టు. చిన్నికి అలాంటి ఆలోచనే లేదు. తొక్కుడుబిళ్ళలో రోజూ ఓడిపోయేది తనే.

కొన్ని విషయాలు ఇంటికి వచ్చేసరికి వేరే అర్థం పట్టుకొచ్చేవి. ఒకరోజు భోజనం దగ్గర, "అనితవాళ్ళ నాన్న మూడుసార్లు బోరు కొట్టి ఇక్కడికి వచ్చారట" అంది. మా అబ్బాయి పొలమారి దగ్గాడు. ఊళ్ళో మూడు బోర్లు వేశాడు, నీళ్ళు పడలేదు, అప్పు మిగిలింది. అదీ సంగతి. బోరంటే ఏమిటో, నీళ్ళు పడడమంటే ఏమిటో, పడకపోయినా బోరు బండివాడికి అడుగుల లెక్కన డబ్బు ఎందుకివ్వాలో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. "నీళ్ళు రాకపోయినా డబ్బులివ్వాలా?" అని నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ అవుననే చెప్పాను.

అనితకు కాలెండరు స్లాబులతో నడుస్తుంది. తమ్ముడికి పళ్ళొచ్చింది పాత బిల్డింగు మూడో స్లాబప్పుడు. కాలికి మేకు గుచ్చుకుంది ఈ బిల్డింగు మొదటి స్లాబుకు. చిన్ని పుట్టినరోజు రెండో స్లాబు పడ్డ నాలుగు రోజులకు. కొన్నాళ్ళకు మా పిల్ల కూడా అలాగే మాట్లాడడం మొదలుపెట్టింది. "క్వార్టర్లీ పరీక్షలు ఎప్పుడే?" అని వాళ్ళమ్మ అడిగితే "నాలుగో స్లాబుకు" అంది.

పుట్టినరోజుకు అనిత వచ్చింది. తలకు నూనె పెట్టి రెండు జడలు వేసుకుని, గుమ్మం బయటే చెప్పులు విడిచి. కేకు తిన్నది, పాటకు గెంతింది, వెళ్ళేటప్పుడు అందరికీ ఇచ్చినట్టే తనకూ ఇచ్చిన పెన్సిల్ బాక్సును టేబుల్ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. కోడలు నొచ్చుకుంది, "ఏం తక్కువైందని మామయ్యా?" అని. మర్నాడు సాయంత్రానికి జవాబు దొరికింది. టైల్స్ మేస్త్రిని బతిమాలి కోయించుకున్న నల్ల గ్రానైటు ముక్క ఒకటి తెచ్చింది అనిత. అరచేతిలో పట్టేంత, గుండ్రంగా, అంచులు నున్నగా రుద్ది ఉంది. విసిరితే గడిలో పడ్డచోటే ఉంటుంది, గెంతదు. తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్ళకు అలాంటి బిళ్ళ విలువ తెలుస్తుంది. అది చిన్ని చేతిలో పెట్టాకే, "ఇప్పుడియ్యి నా బాక్సు" అని అడిగి తీసుకుపోయింది.

ఇక నీళ్ళ సంగతి.

ఆగస్టులో ఒక సాయంత్రం, ఉక్కగా ఉంది, చిన్ని ఆట మధ్యలో పరిగెత్తుకొచ్చి ఫ్రిజ్‌లోంచి సీసా పట్టుకుపోయింది. కాసేపటికి సీసా నిండుగా తిరిగొచ్చింది.

"అనిత తాగలేదు తాతా. పగలు నీళ్ళు తాగదట."

"ఎందుకట?"

"తాగితే చీకటి పడేదాకా ఆగాలట."

నేను ఇంకా ఆ మాట పోల్చుకునేలోపే, "మనకు రెండు బాత్రూంలున్నాయి కదా, పిలవనా?" అంది. కోడలి వైపు చూశాను. "ఒకరోజైతే సరే మామయ్యా, రోజూ అంటే..." అని ఆగింది. ఆమెను తప్పు పట్టను. నేనూ అదే అనుకున్నాను, పైకి అన్నది మాత్రం తను. రెండు రోజులు అనిత పైకి వచ్చింది. మూడో రోజు అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పడింది: 'బయటి పిల్లలు లిఫ్టులో తిరుగుతున్నారు, సెక్యూరిటీ దృష్ట్యా అందరూ సహకరించాలి.' దాని కింద పదకొండు బొటనవేళ్ళు. అందులో ఒకటి మావాడిది. మీటింగ్‌లో ఉండి చదవకుండా నొక్కానన్నాడు. నిజమే అయ్యుంటుంది, వాడు గ్రూపులో అన్నిటికీ నొక్కుతాడు.

నేను రూల్స్ పట్టుకుని బతికినవాణ్ణి. వెతికితే దొరికింది. భవన నిర్మాణ కార్మికులకు 1996లో చేసిన చట్టం ఒకటి అప్పుడు అమల్లో ఉంది. పనిచోట ఉండే కూలీలకు యజమాని ఉచితంగా వసతి ఇవ్వాలి, ఆ వసతిలో వంటకు, స్నానానికి, దొడ్డికి వేరువేరు ఏర్పాట్లుండాలి. 34వ సెక్షన్. కట్టడం ఖర్చు మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు కూడా వాళ్ళ సంక్షేమానికే. ఆ పేజీ ప్రింటు తీయించి సూపర్‌వైజరుకు ఇచ్చాను. మర్యాదస్థుడే, కూర్చోమని కుర్చీ వేశాడు. "సేటుకు చెప్తా పెద్దాయనా" అన్నాడు. నాలుగో స్లాబు అయ్యాక ఒక మూల రేకులతో దొడ్డి లేచింది. తలుపుంది, గడియ లేదు.

ఈలోగా మా వాచ్‌మన్ భార్య ఎవర్నీ అడక్కుండా సెల్లార్‌లో తమ బాత్రూం తాళంచెవి పూలకుండీ కింద పెట్టడం మొదలుపెట్టింది. ఆ కుటుంబం ఉండేదే లిఫ్టు పక్కన ఒక్క గదిలో. అసోసియేషన్‌కు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసినా పర్వాలేదు. చిన్నికి అన్నీ తెలుసు, ఎవరూ లేనప్పుడు తనే వెళ్ళి కుండీ దగ్గర నిలబడేది. ఈ విషయం గురించి అనితతో ఒక్కసారి కూడా మాట్లాడలేదని తర్వాత చెప్పింది. ఎవరు నేర్పారో నాకు తెలియదు. మేమైతే నేర్పలేదు.

బడి కథ చిన్నది. దగ్గర్లో ఉన్న సర్కారు బడికి అనిత తల్లితో కలిసి వెళ్తే టీసీ తెమ్మన్నారు. ఊరికి వెళ్ళి రావాలంటే ఇద్దరి కూలీ పోతుంది. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది, టీసీ ఆలస్యమైందన్న కారణంతో పిల్లను చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. నేను మళ్ళీ ప్రింటు తీసుకుని వెళ్ళాను (జిరాక్సు షాపువాడు నన్ను వకీలనుకుంటున్నాడు). "మాకూ తెలుసు సార్, ఆన్‌లైన్‌లో ఎక్కాలి కదా" అన్నారు టీచరమ్మ. పదిరోజులు తిరిగితే మూడో తరగతిలో ఎక్కింది. తర్వాత ఏడాది ఉగాదికి రేషన్ షాపుల్లో సన్నబియ్యం మొదలైనప్పుడు, అనిత తల్లి ఊరి కార్డు మీదే నిజాంపేటలో బియ్యం తెచ్చుకుంది. వస్తూ నాతో అంది: "బియ్యానికి ఏలు పెడితే అయిపాయె. బడికి ఏలు పెడితే కాదా సారూ?"

చిన్నికి నేను చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది. అనితవాళ్ళకు ఊళ్ళో ఇల్లుంది. రెండు గదులు, మిద్దె, ముందు జామచెట్టు. తాళం వేసి ఉంది. "అంటే వాళ్ళకు ఇల్లున్నట్టా, లేనట్టా?" అని అడిగింది. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల మీద తిరిగి లెక్కపెట్టారని, దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారని చెప్పాను.

"అందులో అనిత ఉందా?"

"అప్పటికి పుట్టలేదే."

"పుట్టి ఉంటే?"

ఆ రోజుల్లో ఫిబ్రవరి నెలలో మా వైపు ఊళ్ళలో సగం ఇళ్ళకు తాళాలే. ఉత్తరాల మీద 'డోర్ లాక్డ్' అని రాసీ రాసీ నా చెయ్యి నొప్పెట్టేది. చిన్నికి జవాబు చెప్పకుండా పాలు పట్టుకొస్తానని లేచాను.

2025 జూలైకి గోడలు, ప్లాస్టరింగు, టైల్సు అయిపోయాయి. ఈసారి కార్డు మీద చిరునామా చిన్నే రాసుకుంది: అనిత, ఫ్లాట్ నెంబర్ 302. అదేమిటంటే, ఇద్దరూ ఆ ఫ్లాటులో ఇల్లాట ఆడుకుంటున్నారట. అనితకు ప్రతి గదీ తెలుసు, స్విచ్చు బోర్డుల వెనక వైరు ఎటు పోతుందో కూడా. వచ్చినవాళ్ళకు తిప్పి చూపిస్తుంది: ఇది పూజగది, ఇది అటాచ్డ్ బాత్రూం, ఇక్కడ వాషింగ్ మెషిన్‌కు నల్లా. ఆ నెలల్లో బల్బు కూడా ఆ ఫ్లాటులోనే ఉంది, హోంవర్కు అక్కడే.

"అది వాళ్ళది కాదు కదరా" అన్నాను.

"తెలుసు తాతా. అమ్మేదాకా."

దసరా సెలవులకు చిన్ని కరీంనగర్‌లో అమ్మమ్మగారింటికి వెళ్ళింది. ఒక మధ్యాహ్నం అనిత మా గేటు దగ్గరికొచ్చి, "చిన్ని ఎప్పుడొస్తది తాతా?" అని అడిగింది. సోమవారం అన్నాను. తలూపి వెళ్ళిపోయింది. సాయంత్రం బాల్కనీలోంచి చూస్తే ట్రాలీ ఆటోలో ట్రంకు పెట్టె, రేకులు, అన్నిటికంటే పైన మడిచిన నీలం పట్టా. అనిత తల్లి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను.

సోమవారం చిన్ని వచ్చేసరికి ఆ జాగా చదును చేసి క్రోటన్ మొక్కలు నాటారు. నా మీద విరుచుకుపడింది. "ఎక్కడికెళ్తున్నారని అడగలేదా?" అడగలేదు. ఇల్లు మారేవాళ్ళు కొత్త చిరునామా రాసిచ్చి వెళ్ళాలని, ఇస్తే ఉత్తరాలు అక్కడికి మళ్ళిస్తామని నౌకరీలో ఎందరికి చెప్పానో లెక్కలేదు. ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాట అడగడానికి మాత్రం తోచలేదు. చెప్పకుండా వెళ్ళిపోయారని ఆ రసీదుల మీద రాసి పంపిన పోస్ట్‌మన్లు అసలు ఎవర్నైనా అడిగారా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. వాచ్‌మన్ భార్య దగ్గర ఒక నెంబరుంది గానీ రీచార్జి అయిపోయినట్టుంది, కలవలేదు. చిన్ని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. గ్రానైటు బిళ్ళ మాత్రం స్కూలు బ్యాగులో వేసుకుని తిరిగేది.

మొన్న సంక్రాంతి వారంలో తెలియని నెంబరు నుంచి ఫోనొచ్చింది. వాచ్‌మన్ భార్యను అడిగి నా నెంబరు పట్టుకున్నారట. చిన్నికి ఇచ్చి స్పీకరు పెట్టాను. బాగున్నావా అని గానీ ఎందుకెళ్ళిపోయావని గానీ అడగలేదు. మొదటి ప్రశ్నే ఇది:

"ఎన్నో స్లాబు?"

"ఇంకా పిల్లర్లే లేస్తున్నయ్."

"మొత్తం ఎన్ని ఫ్లోర్లు?"

"నలభై రెండంట."

చిన్ని సోఫా ఎక్కి గెంతింది. "నలభై రెండు తాతా!" అంటూ వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి, వేళ్ళు చాలక నోటుబుక్కు తెచ్చుకుంది. కోకాపేటలో ఏదో పెద్ద సైటు. లేబర్ క్యాంపులో వరసలు వరసలుగా రేకుల గదులట, ఎటు చూసినా హిందీయేనట, నల్లా దగ్గర పెద్ద లైనట. అనిత గొంతు తగ్గించి అసలు సంగతి చివర్లో చెప్పింది. "మాకిప్పుడు నెంబరుంది. తలుపు మీద తెల్ల పెయింటుతోని రాసిన్రు. బి-47."

బడి అడిగితే వాళ్ళమ్మ ఫోను తీసుకుంది. మళ్ళీ టీసీ అడుగుతున్నారట. సోమవారం వెళ్ళి పాత బడిలో తీయించాను, ఆదివారం నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. పోస్టులో పంపితే సంతకం పెట్టి తీసుకోవడానికి పగలు గదిలో ఎవరూ ఉండరు. కార్డు మాత్రం పోస్టులోనే పోవాలని చిన్ని పట్టు. ఐదు రూపాయల కవరు తెచ్చాను. అనిత, రూం నెంబర్ బి-47, లేబర్ క్యాంప్, కోకాపేట, 500075 అని కుదురుగా రాసింది. రాసి పెన్ను పట్టుకుని ఆగింది.

"గుర్తు రాయాలా తాతా?"

"రాస్తే మంచిది. అడుగు."

ఫోను చేసింది. "చెట్లు లేవట. క్రేన్ రాయమంది."

పిన్‌కోడు పక్కన మిగిలిన కాస్త జాగాలో ఇరికించి రాసింది: పసుపుపచ్చ క్రేన్ ఎదురుగా.